తగవుల గదికి పిలుపు

“వెళ్తున్నావా, లేదా? ముందు ఆ మాట చెప్పు,” అంది అత్తగారు కాఫీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

జిల్లా అధ్యక్షురాలు వంటింటి కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. గేటు బయట పత్రికలవాళ్ళు ఇద్దరు అప్పుడే వచ్చి, మోటారుసైకిళ్ళకి ఆనుకుని తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు.

“నిన్నేనమ్మాయ్.”

“వెళ్ళకపోతే ఏమవుతుందో మీకు తెలుసు కదత్తయ్యా.”

“వెళ్తే ఏమవుతుందో కూడా తెలుసు. అందుకే అడుగుతున్నా.”

రెండూ నిజమే. సోమవారంనాడు ఆమె భర్త తన సోఫాల దుకాణానికి తాళం వేసి, తిన్నగా తగవుల గదికి వెళ్ళి, అందరితోపాటు వరసలో నిలబడి, ‘నా భార్యతో తగవుంది’ అని పేరు రాయించుకుని వచ్చాడు. ఇవాళ వాళ్ళ వంతు. ఈపాటికి ఆ గది బయట బోర్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఎక్కి ఉంటాయి. పెళ్ళి శుభలేఖ తర్వాత ఆ రెండు పేర్లూ ఒకచోట కనిపించడం ఇదే కాబోలు.

తగవుల గది పెట్టించింది మరెవరో అయితే ఇంత గొడవ లేదు. పెట్టించింది ఆమే. వార్డు మెంబరుగా గెలిచిన కొత్తలో, మురిక్కాలవ దగ్గర రెండిళ్ళవాళ్ళు కర్రలు పట్టుకుంటే, వాళ్ళని రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళ చేత తిరిగి చెప్పించింది. అంతే, పొద్దు వాలేసరికి కర్రలు కింద పడ్డాయి. జిల్లా పరిషత్తు అధ్యక్షురాలయ్యాక ఆ రెండు కుర్చీలనే ప్రతి పేటకీ పంపించింది. కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నవాళ్ళు అక్కడ తేల్చుకుంటున్నారు. పక్క జిల్లాలవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకుని పోతున్నారు. ఆ పేరు విని పార్టీ పెద్దాయన ఆమెని రాజధానికి రమ్మన్నాడు. మంత్రిని చేస్తానన్నాడు.

ఆమె సరేనంది. ఆ సంగతి భర్తకి చెప్పలేదు. మరిచిపోయిందో, రేపు చెబుదామనుకుందో ఆమెకే తెలీదు. ఆయనకి మాత్రం, సోఫా గుడ్డ మార్పించుకోవడానికొచ్చిన ఖాతాదారొకడు చెయ్యి కలిపి మరీ చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆయన ఇంటికి రావడం లేదు. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని సోఫా ఒకటుంటే, దుకాణంలో దాని మీదే పడుకుంటున్నాడు. కూతురు పరీక్షలకని హాస్టల్లో ఉంది కాబట్టి సరిపోయింది.

పెద్దాయన నిన్న ఫోను చేసి ఒక్కటే మాట అన్నాడు. “ఇంటి గొడవ తేల్చుకుని రేపు సాయంత్రంలోగా ఖాయం చెయ్యమ్మా.”

ఆ రేపు ఇవాళే.

తలుపు కొట్టకుండానే సెక్రటరీ లోపలికొచ్చాడు. పదేళ్ళుగా ఆ ఇంట్లో అతను తలుపు కొట్టి వచ్చిన రోజు లేదు.

“మేడమ్, ఒక ఉపాయం. రిపేరని చెప్పి ఈ ఒక్కరోజు గది మూసేద్దాం.”

“ఏం రిపేరు?”

“ఫ్యాను.”

“ఫ్యాను తిరక్కపోతే తగవులాగుతాయా?” అంది అత్తగారు.

సెక్రటరీ ఆవిడ వైపు చూడలేదు. “పోనీ మీ బదులు నేను కూర్చుంటాను మేడమ్. మీ తరఫున.”

“నా మొగుడితో నా తరఫున తగువాడతావా?”

అతను జేబులోని కలం సర్దుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. “దుకాణానికి వెళ్ళావా? ఆయనతో మాట్లాడావా?”

“వెళ్ళాను మేడమ్. సార్ నోటి నిండా మేకులు పెట్టుకుని కుర్చీకి గుడ్డ బిగిస్తున్నారు. ఒక్కో మేకూ నోట్లోంచి తీసి కొడుతున్నారు. అవి అయిపోయాక మాట్లాడదామని నిలబడ్డాను. అయిపోతాయనగా మళ్ళీ ఇన్ని పోసుకున్నారు.”

ఇంకోరోజైతే ఆమె నవ్వేదే. ఇవాళ అరిచింది. “అందరూ కలిసి నన్నేం చెయ్యమంటారు? వెళ్ళకపోతే రేపట్నించి ఆ గది గుమ్మం ఎవడు తొక్కుతాడు? పెట్టినావిడే మొహం చాటేసిందంటారు. వెళ్తేనేమో నా ఇంటి సంగతి జిల్లా అంతా నోట్లో వేసుకుని నములుతుంది. ఆయనకి ఇదంతా తెలీదా? కావాలనే చేశారు!”

సెక్రటరీ మెల్లగా వరండాలోకి జారుకున్నాడు. అత్తగారు మాత్రం కదల్లేదు.

“కావాలనే చేసుంటాడు,” అంది ఆవిడ. “వాడు చిన్నప్పట్నించీ అంతే. అలిగితే పెదవి విప్పడు. కొట్టినా తిట్టినా విప్పడు. అలాంటివాడు నోరు తెరుస్తానని వెళ్ళి పేరు రాయించుకున్నాడంటే నాకు భయంగా ఉందమ్మాయ్.”

ఆ మాటకి అధ్యక్షురాలి కోపం చప్పబడింది. అత్తగారి ఎదురుగా కూర్చుంది.

“నేను వెళ్తానత్తయ్యా. వెళ్ళి, పదవి వద్దని చెప్పేస్తాను. రాజధాని వద్దు, ఏమీ వద్దు. ఆ మాట వింటే ఆయన ఇంటికొస్తారు.”

“వద్దనుకుని ఉండగలవా నువ్వు?”

“ఉండాలి కదా మరి.”

అలా అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త దిగులూ, దాని వెనక కాస్త గర్వమూ ఉన్నాయి. ఇంత పెద్దది వదులుకుంటున్నానన్న గర్వం. అత్తగారు దాన్ని పసిగట్టింది గాని, కోడలి మీద ప్రేమ కొద్దీ ఊరుకుంది. “నేనూ వస్తాను పద,” అని మాత్రం లేచింది.

*

తగవుల గది రెండు వీధుల అవతల, పాత పోస్టాఫీసులో. కారు వద్దని నడిచే వెళ్ళారు. దారిలో ఇస్త్రీ బండివాడు వీధిదీపం వెలగడం లేదన్నాడు. సెక్రటరీకి చెప్పి రాయించింది. స్కూలు ఆయా పంపులో నీళ్ళు సన్నగా వస్తున్నాయంది. అదీ రాయించింది. ఎవరేం చెప్పినా ఆమె ఆగి, పూర్తిగా విని, భుజం మీద చెయ్యి వేసింది. ఇవాళ తన పనేదో తాను చూసుకోవలసిన రోజు కదా అని మనకనిపిస్తుంది. ఆమెకి మాత్రం ఆ కాసేపే ప్రాణం కుదుటపడింది.

పోస్టాఫీసు ముందు జనం మూగి ఉన్నారు. ఆమె రాగానే దారిచ్చారు. ఒకావిడ, అక్కతో ఎన్నో ఏళ్ళ పగ ఇక్కడే వదిలించుకున్నావిడ, చేతులు నలుపుకుంటూ దిగులుగా చూసింది.

అత్తగారు బయటి బెంచీ మీద కూర్చుండిపోయింది. గదిలోకి తగవున్న ఇద్దరూ, మధ్యవర్తీ తప్ప ఎవరూ వెళ్ళకూడదు.

ఆ వేళ మధ్యవర్తి పళ్ళ డాక్టరు. వారంలో ఒకపూట క్లినిక్కు మూసి ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళలో ఆయనొకడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు.

“ఎవరితోనైనా వంతు మార్చుకుందామని చూశాను మేడమ్. అందరికీ ఇవాళే జ్వరాలొచ్చాయి.”

“కూర్చోండి డాక్టరుగారూ. అందరికీ చేసినట్టే మాకూ చెయ్యండి.”

భర్త అప్పటికే ఒక కుర్చీలో ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. గోళ్ళ సందుల్లో కొబ్బరిపీచు. ఆమె కూర్చోబోయే కుర్చీ మెత్త మీద అరచేత్తో నొక్కి చూశాడు.

“స్పాంజి పోయింది. జాగ్రత్త,” అన్నాడు.

ఇన్నాళ్ళకి ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమెకి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తోచక, అలవాటు కొద్దీ, “ఎక్కడ నొప్పి?” అనేశాడు. తర్వాత చెవులదాకా ఎర్రబడి, గోడ వైపు చూపించాడు. గోడ మీద నియమాలు పెద్దక్షరాలతో రాసి ఉన్నాయి. అవి ఆమె తన భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసినవే. ఒకరు రెండు మూడు ముక్కల్లో తన మాట చెప్పాలి. ఎదుటివాళ్ళు దాన్ని తిరిగి చెప్పాలి. మొదటివాళ్ళు ‘అదే’ అన్నాకనే రెండోవాళ్ళకి వంతు. భావం చెప్పొద్దు, మాట చెప్పండి.

“పేరు రాయించినవారు ముందు,” అన్నాడు డాక్టరు.

భర్త చేతులు చూసుకుంటూ చెప్పాడు. “రాజధానికి సరేనన్నావు, నాకు చెప్పలేదు. ఒక ఖాతాదారు చెప్పాడు. నేను అతనికి థాంక్స్ చెప్పాను.”

ఆమె వెంటనే అందుకుంది. “పని ఒత్తిడిలో మీకు చెప్పడం ఆలస్యమైంది. దానివల్ల మీరు బయటివాళ్ళ దగ్గర నొచ్చుకోవలసి వచ్చింది.”

“నేనా మాట అన్లేదు.”

“మేడమ్,” అన్నాడు డాక్టరు, “ఒత్తిడని ఆయన అన్లేదు. నొచ్చుకున్నానని కూడా అన్లేదు.”

“అర్థం అదే కదండీ?”

డాక్టరు గోడకేసి మళ్ళీ చూశాడు. ఆమె కూడా చూసింది. తన రాత తనకే చిరాకు తెప్పించింది.

“సరే. నేను రాజధానికి సరేనన్నాను, మీకు చెప్పలేదు. మీకు ఒక ఖాతాదారు చెప్పాడు. మీరు అతనికి...” ఇక్కడ ఆగింది. కత్తెర చేత్తో పట్టుకుని, ఎవడో పరాయివాడికి, తన పెళ్ళాం సంగతి తనకి చెప్పినందుకు, థాంక్సండీ అంటున్న మనిషి కళ్ళకి కట్టాడు. “మీరు అతనికి థాంక్స్ చెప్పారు.”

“అదే.”

ఇప్పుడు వంతు ఆమెది. పొద్దుటి నుంచీ దాచుకున్న మాట. నిటారుగా కూర్చుని చెప్పింది.

“నేను రాజధానికి వెళ్ళను. సాయంత్రం పెద్దాయనకి పదవి వద్దని చెప్పేస్తాను. మీరు ఇంటికి రండి.”

చెప్పి, ఆయన మొహంలోకి చూసింది. అది మెత్తబడుతుందనుకుంది. ఆయన మాత్రం కుర్చీ కొలతలు చదివినట్టు, ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పాడు.

“నువ్వు రాజధానికి వెళ్ళవు. సాయంత్రం పెద్దాయనకి పదవి వద్దని చెప్పేస్తావు. నేను ఇంటికి రావాలి.”

“అదే,” అంది ఆమె నీరసంగా.

ఆయన గోళ్ళ సందుల్లోని పీచు లాక్కుంటూ కూర్చున్నాడు. బయట ఎవరో దగ్గారు. సెక్రటరీ రిపేరని చెబుదామన్న ఫ్యాను తల మీద గిర్రున తిరుగుతోంది.

“నువ్వు వెళ్ళాలి,” అన్నాడు చివరికి. “నువ్వు ఊళ్ళో లేని రోజుల్లో నాకు బాగుంటుంది. నీ కారొచ్చి గేటు దగ్గర ఆగిన చప్పుడు వింటే నా కడుపులో ముడి పడుతుంది.”

డాక్టరు తల దించేసుకున్నాడు.

ఆమెకి ముందు కోపం వచ్చింది. ఇంత వదులుకుంటానంటే ఇదా జవాబు! తర్వాత సిగ్గేసింది. మూడో మనిషి ముందు, అందులోనూ రేపెప్పుడైనా తన పన్ను చూడవలసినవాడి ముందు. కోపమూ సిగ్గూ పోయాక మిగిలింది ఒట్టి బాధ. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

“నా పనివల్ల మీకు...” అని మొదలుపెట్టి, తనే ఆగిపోయింది. ఈసారి గోడకేసి ఎవరూ చూడనక్కర్లేకపోయింది.

“మీ ఇష్టం మేడమ్, కాసేపు ఆగి...” అన్నాడు డాక్టరు.

“వద్దు. చెప్తాను.”

చెప్పింది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుని చెప్పింది. “నేను వెళ్ళాలి. నేను ఊళ్ళో లేని రోజుల్లో... మీకు బాగుంటుంది. నా కారొచ్చి గేటు దగ్గర ఆగిన చప్పుడు వింటే మీ కడుపులో ముడి పడుతుంది.”

“అదే,” అన్నాడాయన. ఆ మాటతో ఆయన కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు.

ఆ నీళ్ళు చూశాక ఆమెలో ఏదో బిగువు సడలింది. ఇంకోలా చెప్పాలన్న ఆలోచనే పోయింది. ఎన్ని సభల్లో మాట్లాడింది! అక్కడెక్కడా రాని గొంతొకటి వచ్చింది.

“ఆదివారం రౌండ్లు పెట్టమని నన్నెవరూ అడగలేదు. ఇంట్లో మీ ఎదురుగా కూర్చోవడం కష్టమై నేనే పెట్టుకున్నాను. జనం మెచ్చుకున్నారు గనక మానలేదు.”

ఆదివారం రౌండ్లంటే జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. సెలవు కూడా తీసుకోకుండా పేటపేటా తిరిగే అధ్యక్షురాలని పత్రికలు ఫోటోలు వేసేవి. రెండోసారి ఆమె గెలిచిందే వాటి వల్ల.

ఆయన తిరిగి చెప్పాడు. ‘నా ఎదురుగా’ అన్నచోట తలెత్తి ఆమెని చూశాడు. కానీ ఒక్క ముక్క మార్చలేదు.

“అదే,” అంది ఆమె.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. గుండెల మీంచి బరువేదో దించినట్టయింది ఇద్దరికీ.

“ఆదివారాలు నేను దుకాణం తెరిచేదీ అందుకే,” అన్నాడాయన. “ఖాతాదారులు రారు. ఊరికే మేకులు ఏరుకుంటూ కూర్చుంటాను.”

“మేడమ్, ఇది కూడా మీరు తిరిగి...” అనబోయి డాక్టరు నాలిక్కరుచుకున్నాడు.

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో ముందటి ప్రేమ ఉందని చెప్పను. కానీ అబద్ధం మాత్రం లేదు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు విని చాలా కాలమైంది.

“ఇప్పుడేం చేద్దామంటారు?” అని అడిగాడు డాక్టరు. అది ఆ గదిలో ఆఖరి ప్రశ్న.

భర్త ఆలోచించి చెప్పాడు. “ఇవాళ ఏదీ తేల్చొద్దు. వెళ్తాననీ వద్దు, వెళ్ళననీ వద్దు. పెద్దాయన్ని ఒక వారం గడువడుగు. వచ్చే గురువారం మళ్ళీ ఇక్కడే కూర్చుందాం. నాకూ ఇంకా సర్దుకోలేదు లోపల.”

“పెద్దాయన ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకపోతే పోనీ. మనిద్దరం అనుకోకుండా మాత్రం బయట ఒక్క మాటా చెప్పకు.”

“సరే,” అంది ఆమె. ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యలేదు.

డాక్టరు ఊపిరి పీల్చుకుని తలుపు తీశాడు. తగవు తీరినా తీరకపోయినా ఇద్దరూ కలిసే బయటికి నడవాలన్నది అక్కడి పద్ధతి. కలిసే నడిచారు.

గుమ్మం దాటేసరికి ఎండా, కెమెరాలూ ఒకేసారి మొహాన కొట్టాయి. పొద్దున ఇద్దరే ఉన్న పత్రికలవాళ్ళు ఇప్పుడు ఒక గుంపయ్యారు. బెంచీ మీంచి అత్తగారు ఆదుర్దాగా లేచింది.

“మేడమ్, కలిసిపోయారా?”

“రాజధానికి వెళ్తున్నారా మేడమ్?”

ఆమె మాట్లాడలేదు. ఆయన పక్కన మెట్టు మీద నిలబడింది. మాట ఇచ్చింది కదా.

ముందున్న కుర్రవిలేకరి గొంతు పెంచాడు. “పెట్టినావిడ తగవే తీర్చలేని గది, మామూలువాళ్ళ తగవులేం తీరుస్తుంది మేడమ్? దీన్ని మూసేస్తారా?”

గుంపులో గుసగుసలు లేచాయి. అక్కతో పగ వదిలించుకున్నావిడ మొహం పాలిపోయింది. అధ్యక్షురాలు ఆ మొహం చూసింది. ఆ ఒక్క మొహం చాలు ఆమెకి. అలాంటి మొహం ఎదురుగా నిలబడితే ఊరుకోవడం ఆమెకి చేతకాదు. ఊరుకునే మనిషైతే వార్డు మెంబరు దగ్గరే ఆగిపోయేది.

“ఎందుకు మూస్తాం?” అంది. గొంతు దానంతటదే పైకి లేచింది. “గది పనిచేసింది. మా తగవు తీరింది. నేను రాజధానికి వెళ్ళడం లేదు.”

గుంపు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం కూడా ఆమెకి అలవాటే. దాన్ని ఎలా నింపాలో బాగా తెలుసు.

“ఈ వారం నుంచి ఆదివారం రౌండ్లు కూడా ఉండవు. మీ అందరికీ ఎన్నో ఆదివారాలిచ్చాను. ఇక నుంచి ఆ ఒక్కరోజూ నా ఇంటిది. ఆదివారం ఆదివారం నేను ఇంట్లో, మావారి ఎదురుగా కూర్చుంటాను.”

చప్పట్లు మారుమోగాయి. ఎవరో ఈల వేశారు. అక్కతో పగ వదిలించుకున్నావిడ ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. సెక్రటరీ సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకుని, పెద్దాయనకి ఫోను కలపడానికి పక్కకి పరుగెత్తాడు. అత్తగారు ఒక్కతే కొడుకు మొహంలోకి చూస్తూ బెంచీ మీద మళ్ళీ కూలబడింది.

ఆమె గుండె నిండిపోయింది. జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ మాట్లాడలేదనిపించింది. ఆయనకి ఎంత పెద్దది ఇచ్చానో అనుకుంటూ, ఆయన చెయ్యి అందుకోబోతూ, నవ్వు మొహంతో పక్కకి తిరిగింది.

ఆయన మెట్టు దిగి, గుంపులో నిలబడి ఉన్నాడు. అందరితోపాటు ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు.